చుక్కలేని తూటా

ఇరవై ఆరేళ్ళుగా తుపాకులు విప్పి, తుడిచి, మళ్ళీ బిగిస్తున్న మనిషిని నేను. పేరు ముద్దాడ జగన్నాయకులు. హోదా ఆర్మరర్ హెడ్ కానిస్టేబుల్. మా పటాలంలో తుపాకులుండే గదిని బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు. అందులో వెతికినా ఒక్క గంట కనపడదు. ఆ పేరెందుకొచ్చిందో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే కమిటీ వేస్తారని భయం.

అసలు సంగతిలోకి వెళ్ళే ముందు తుపాకీ కడుపులో ఏముంటుందో రెండు ముక్కలు చెప్పాలి. కంగారు పడకండి, మా ప్రత్యేకాధికారి గారికి చెప్పినదానికన్నా తేలిగ్గానే చెబుతాను. తూటా అడుగున నడిమధ్య కందిగింజంత బిళ్ళ ఉంటుంది. అది ప్రైమరు. రైఫిల్లో సన్నటి ఉక్కు పుల్ల ఉంటుంది. అది ఫైరింగ్ పిన్ను. ట్రిగ్గరు నొక్కితే సుత్తి పిన్నుని కొడుతుంది, పిన్ను ప్రైమర్ని కొడుతుంది, తూటా పేలుతుంది.

మా సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళలో ఆ పిన్నుని వెనక్కి పట్టుకునే స్ప్రింగు లేదు. తన గొట్టంలో తను వదులుగా ఆడుతూ ఉంటుంది. సెంట్రీ రైఫిలు లోడు చేసినప్పుడు, తూటాని లోపలికి తోసే ఉక్కు దిమ్మ, అదే బోల్టు, టకామని ముందుకెళ్ళి ఆగుతుంది గానీ దాని లోపల పిన్ను ఆగదు. డ్రైవరు బ్రేకు కొడితే బస్సులో నిలబడ్డవాడు తూలినట్టు తూలి, ప్రైమర్ని ఒక్కసారి తాకి వెనక్కొస్తుంది. బిళ్ళ మీద చిన్న చుక్క పడుతుంది. ఆ మాత్రం తాకిడికి తూటా పేలదు. డ్యూటీ దిగేటప్పుడు ఖాళీ చేసి చూస్తే చుక్క ఉంటుంది, అంతే. మనం చూసుకోవాల్సినవి రెండు. అదే తూటాని రోజూ లోడు చేయకుండా మారుస్తూ ఉండాలి. పిన్ను గొట్టాన్ని శుభ్రంగా ఉంచాలి. గొట్టంలో మడ్డి పేరుకుని పిన్ను ముందుకొచ్చి ఇరుక్కుపోయిందంటే ఇక ట్రిగ్గరుతో పనిలేదు, లోడు చేయగానే పేలుతుంది. అలా జరక్కుండా చూడ్డానికే నాకు జీతమిస్తున్నారు.

ఈ మాత్రం సంగతి మా పటాలంలో వంటవాడికి కూడా తెలుసు. తెలియనిదల్లా ఆషాఢంలో హెడ్డాఫీసు నుంచి దిగిన భద్రతా సంస్కరణల ప్రత్యేకాధికారి ప్రద్యుమ్న గారికి.

ఆయన రావడమే చేతిలో భూతద్దంతో వచ్చారు. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో టేబులు మీద సెంట్రీలు ఖాళీ చేసిన తూటాలున్నాయి. ఒకటి తీసి అడుగు చూశారు. ఇంకొకటి చూశారు. మూడోది చూసేసరికి ఆయన మొహంలో రంగులు మారిపోయాయి.

"ఇదేమిటి?"

"చుక్కండి."

"చుక్క అని నాకూ కనపడుతోంది. ఎవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదండి. పిన్ను తాకుతుందండి." పైన మీకు చెప్పిందంతా చెప్పాను, బస్సుతో సహా.

"మీరు ఇంజనీరా?"

"కాదండి, ఆర్మరర్ని."

"అయితే ఇంజనీరింగ్ మాట్లాడకండి. పేలిన తూటాకి గుర్తు ఉంటుందా, ఉండదా?"

"ఉంటుందండి, లోతుగా."

"దీనికీ గుర్తు ఉంది. అంటే పేల్చడానికి ప్రయత్నం జరిగింది. సఫలం కాలేదు. నూట పన్నెండు తూటాలు, నూట పన్నెండు విఫలయత్నాలు! మీ పటాలంలో ఇంత హింసాప్రవృత్తి ఉందని పైవాళ్ళకి తెలుసా?"

పక్కనే మా కమాండెంటు విఠలేశ్వరరావు గారు నిలబడి ఉన్నారు. రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది. ఏ సమస్యకైనా ఆయన దగ్గర ఉండే మందు ఒక్కటే: "చూద్దాం." అప్పుడూ అదే అన్నారు.

మూడోనాటికల్లా సర్క్యులరు దిగింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, పేలని తూటా యొక్క ప్రైమరు మీద కానవచ్చు ఏ చుక్కయైనను సదరు తూటాను లోడు చేసిన వ్యక్తి యొక్క పేల్చు ఉద్దేశమునకు ప్రాథమిక సాక్ష్యముగా పరిగణించబడును." దాని వెనకే ఒక ఫారం వచ్చింది. నాలుగో కాలమ్: ఎవరిపై ప్రయత్నించితిరి? ఏడో కాలమ్: ప్రయత్నమును ఏ కారణముచే విరమించుకొంటిరి? గేటు మీద బోర్డు కూడా కట్టారు: "చుక్కలేని తూటా, చింతలేని పటాలం."

మనవాళ్ళు పాపం చదువుకున్నవాళ్ళు, ఫారం ఇస్తే ఖాళీగా వదలరు. ఒకడు నాలుగో కాలమ్‌లో "దోమ" అని రాశాడు. దోమ జాతి, కుట్టిన సమయం తెలపమని మెమో వచ్చింది. ఇంకొకడు "మా బావమరిది" అని రాసి, ఏడో కాలమ్‌లో "అతను ఆ రోజు రాలేదు" అని రాశాడు. వాడిని కౌన్సెలింగ్‌కి పంపారు. నిజం రాసినవాడు ఒక్కడే, గురుగుబెల్లి తవిటయ్య. "ఎవరి మీదా లేదు, పిన్ను తాకింది" అని రాశాడు. అసంపూర్ణమని తిప్పి పంపారు.

తవిటయ్య గురించి చెప్పాలి. పద్దెనిమిదేళ్ళ సర్వీసు, ఒక్క మచ్చ లేదు. హెడ్ కానిస్టేబుల్ ప్రమోషన్ల లిస్టులో మూడో పేరు. నాకు తమ్ముడి లెక్క. వాడిలో ఉన్న లోపం ఒకటే. నేర్పిన పని నేర్పినట్టే చేస్తాడు.

ఆ లోపం ఎందుకు లోపమైందంటే, వారం తిరక్కుండా ప్రద్యుమ్న గారు "సౌమ్య లోడింగ్" అనే శిక్షణ మొదలెట్టారు. యోగా మాస్టారొకాయన్ని పిలిపించారు. ఊపిరి పీలుస్తూ బోల్టు వెనక్కి లాగాలి. ఊపిరి వదులుతూ, పక్కగదిలో పసిబిడ్డ పడుకుంటే తలుపు మూస్తామే, అలా బోల్టుని చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకి దింపాలి. నూటఇరవైమంది జవాన్లు పెరేడ్ గ్రౌండులో కళ్ళు మూసుకుని బోల్టులు దింపుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చుక్కలు పడలేదు, నిజమే. కానీ అలా దింపితే బోల్టు పూర్తిగా మూసుకోదు, లాకు పడదు. లాకు పడని రైఫిలు ట్రిగ్గరు నొక్కినా పేలదు. ఈ ముక్క నేను మనవి చేసుకున్నాను.

"పేలదా?" అన్నారాయన, కళ్ళు మెరిశాయి. "అసలు పేలదా? అద్భుతం! సంపూర్ణ భద్రత!"

ఆ నెల మా పటాలానికి ప్రశంసాపత్రం వచ్చింది.

తవిటయ్య మాత్రం పద్దెనిమిదేళ్ళ నాటి పద్ధతి వదల్లేదు. "లాకు పడని రైఫిలు పట్టుకుని కాపలా ఏటన్నా? దానికన్నా దుడ్డుకర్ర నయం, కొడితే తగుల్తాది. రేపు నిజంగా దొంగెవడైనా గోడ దూకితే ఊపిరి వదుల్తూ నిలబడాలా?" అన్నాడు.

"ఒరేయ్, లిస్టులో పేరుంది, కాస్త చూసుకోరా."

"పేరున్నోడే సరిగ్గా కాయాలి గదన్నా," అన్నాడు. ఇలాంటివాడికి ఏం చెబుతాం?

మెల్లగా లోడు చేస్తున్నా, చెయ్యి జారినవాళ్ళకి అడపాదడపా చుక్కలు పడుతూనే ఉన్నాయి. అప్పుడు ప్రద్యుమ్న గారికి కొత్త అనుమానం వచ్చింది. వారం వారం బోల్టులు విప్పి పిన్నులు బయటికి తీసేది ఎవరు? నేను. ఏకాంతంగా పిన్నులతో గడిపేది ఎవరు? నేనే. "పిన్నులను రెచ్చగొట్టు అవకాశమున్నందున" అన్ని బోల్టులకీ లక్క పెట్టి సీలు వేయమన్నారు. ఆయన సంతకం లేకుండా ఒక్క బోల్టు విప్పడానికి వీల్లేదు. సంతకం కావాలంటే ఆ పిన్ను మీద అనుమానం ఎందుకొచ్చిందో పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా తెలపాలి.

వానాకాలం. గోడల్లోంచి చెమ్మ. మాది సముద్రపు గాలి తగిలే ఊరు. నూనె మడ్డి కట్టే రోజులవి. నేను ఉత్తరం రాశాను. "అయ్యా, పిన్ను గొట్టాలు శుభ్రం చేయనిచో పిన్నులు ముందుకు ఇరుక్కొని, లోడు చేయగానే తూటా పేలును. ప్రాణాపాయము." జవాబు వచ్చింది. "మీ లేఖలో చుక్కల ప్రస్తావన లేనందున అది ఈ విభాగము పరిధిలోనికి రాదు."

ఆ కాయితం చదివి ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి నాకు నా గదిలోకి వెళ్ళాలంటే భయం వేసింది. నిజం చెబుతున్నాను, వరసగా నిలబెట్టిన నా తుపాకులు నాకే పరాయివాళ్ళలా కనిపించాయి.

ఇంతలో తవిటయ్యకి డ్యూటీ ఎక్కడ పడిందనుకున్నారు? ప్రద్యుమ్న గారు దిగిన గెస్టుహౌసు గేటు దగ్గర! నలభై రెండో నంబరు రైఫిలు. పొద్దున్న ఆరింటికి డ్యూటీ దిగుతూ ఖాళీ చేశాడు. ప్రద్యుమ్న గారు నిద్రలేచి, పళ్ళు తోముకోకుండా, భూతద్దం పట్టుకుని వచ్చారు. తూటాకి చుక్క ఉంది. బ్రహ్మాండమైన చుక్క, వాడి సర్వీసంత నిఖార్సైన చుక్క.

గేటు దగ్గర సెంట్రీ. లోపల అధికారి. తూటా మీద చుక్క. ఇంకేం కావాలి? "అధికారిపై హత్యాప్రయత్నము" అని చార్జి మెమో ఇచ్చారు. విచారణ మూడు వారాల తర్వాత, గురువారం. రుజువైతే ఉద్యోగం ఊడుతుంది, ఆపైన పోలీసు కేసు. రైఫిలుని సాక్ష్యంగా స్వాధీనం చేసుకుని తడిసిన గోనెసంచిలో చుట్టి రికార్డు గదిలో పెట్టారు. ఆ గది పైకప్పు ఎంత గట్టిదంటే, వాన బయట ఆగిపోయాక కూడా లోపల కురుస్తూనే ఉంటుంది.

ఆ సాయంత్రం తవిటయ్య భార్య అప్పలనరసమ్మ మా క్వార్టరుకొచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మంలోనే నిలబడి కడిగేసింది.

"ఏటి బావగారూ, ఇదేటి నాయం? ఇంట్లో ఎలక్కి మందు పెట్టమంటే పాపం అంటాడు, ఆయన ఆపీసర్ని సంపుతాడా? మీరు తుపాకీల డాక్టరు గదా, మీ పుల్ల సేసిన పనికి నా మొగుడు జైలుకెల్తాడా? మీరు సెప్పరా?"

"చెప్పానమ్మా. వినరు."

"వినకపోతే వినేలాగ సెప్పండి! అరిసి సెప్పండి! పద్దెనిమిదేల్లు గుడ్డలుతికి ఇస్త్రీ సేసినాను, సొక్కా సేతికి హెడ్డు మూడు పట్టీలు కుట్టిద్దామని దారం రంగు గూడా సూసుకున్నాను." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. నాకు అన్నం సహించలేదు. ఎవరి మీదో తెలియని కోపం కాదది, ఎవరి మీదో బాగా తెలిసిన కోపం.

ఆ గురువారం పదకొండు గంటలకి విచారణ. బాధితుడు ప్రద్యుమ్న గారు, ఫిర్యాదుదారు ప్రద్యుమ్న గారు, విచారణాధికారి కూడా ప్రద్యుమ్న గారే. కమాండెంటు గారు సభ్యుడు. రాసుకోడానికి ఒక గుమాస్తా. నేను సాక్షిని. తవిటయ్య టోపీ తీసేసి, బెల్టు తీసేసి, మధ్యలో నిలబడ్డాడు. బెల్టు లేకుండా వాడిని చూడ్డం అదే మొదటిసారి, సగం మనిషైపోయాడు.

"మీరు ఏ కారణముచే నాపై ప్రయత్నమును విరమించుకొంటిరి?" అనడిగారు ప్రద్యుమ్న గారు.

"మొదలెట్టనే లేదు సార్, విరమించుకోడానికి."

"జవాబు దాటవేయుచున్నాడు, రాసుకోండి."

నేను లేచాను. నా నోరు నా మాట వినలేదు. "అయ్యా, లోడు చేసిన ప్రతి తూటాకీ చుక్క పడుతుందండి. తవిటయ్య లోడు చేసినా పడుతుంది, నేను చేసినా పడుతుంది, తమరు చేసినా పడుతుంది."

ఆయన నవ్వారు. చిన్నపిల్లాడి తప్పు లెక్క చూసి నవ్వినట్టు నవ్వారు. "జగన్నాయకులు గారూ, చుక్క ఉద్దేశం నుంచి పుడుతుంది. నాకు ఎవరినీ కాల్చే ఉద్దేశం లేదు. కాబట్టి నేను లోడు చేస్తే చుక్క పడదు. ఇది లాజిక్. ఇప్పుడే నిరూపిస్తాను. సాక్ష్యంలో ఉన్న రైఫిలు తెప్పించండి. అతను ఎలా లోడు చేశాడో అలాగే, అంతే జోరుగా చేస్తాను."

"అయ్యా, అది వద్దు!" అని అరిచాను. "రెండు నెలలుగా విప్పలేదు. మూడు వారాలు తడిలో ఉంది. ఒక్క పది నిమిషాలివ్వండి, విప్పి పిన్ను తుడిచి ఇస్తాను."

"సాక్ష్యమును తారుమారు చేయుటకు ప్రయత్నము, రాసుకోండి."

"పోనీ తూటా లేకుండా చేయండి!"

"తూటా లేకుండా చుక్క ఎక్కడ పడుతుంది? మీకు లాజిక్ తెలియదు."

అప్పుడు మా కమాండెంటు గారు ఎనిమిది నెలల జాగ్రత్తని ఒక్క క్షణం పక్కనపెట్టి నోరు తెరిచారు. "ఇసక బస్తాల దగ్గర చేద్దాం," అన్నారు. "చూద్దాం" కాకుండా ఆయన నోట ఇంకో మాట నేను విన్నది ఆ రోజే.

గార్డు రూము పక్కన తుపాకులు ఖాళీ చేసే చోట ఇసక బస్తాల గోడ ఉంటుంది. తుపాకీ మూతి అటుపెట్టే ఏ పనైనా చేయాలి. ఆ గోడకీ బోర్డు తగిలించేశారు: "చుక్కలేని తూటా, చింతలేని పటాలం." ప్రద్యుమ్న గారి చేతికి నలభై రెండో నంబరు వచ్చింది. బోల్టు మీద లక్క సీలు పదిలంగా ఉంది, అంచుల్లోంచి ఎర్రటి తుప్పునీళ్ళు కారుతున్నాయి. నేను అందరినీ వెనక్కి జరగమన్నాను. నేనూ జరిగాను. తవిటయ్య మాత్రం ఆయన వెనకే నిలబడి, "సార్, మూతి బస్తాలకే ఉంచండి సార్. అటూ ఇటూ తిప్పకండి సార్," అని బతిమాలుతున్నాడు. హత్యాప్రయత్నం చేసినవాడు!

"అందరూ చూడండి," అన్నారు ప్రద్యుమ్న గారు. "నా వేలు ట్రిగ్గరు మీద లేదు. నా మనసులో ద్వేషం లేదు."

బోల్టు వెనక్కి లాగి వదిలారు.

ఢాం!

కాకులు లేచాయి. గుమాస్తా పెన్ను పారేసి కింద పడుకున్నాడు. తుప్పుకి బోల్టు సగంలో ఇరుక్కుని ఆగింది. అది కదిలి, రైఫిలు ఇంకో తూటా మింగి రెండోసారి పేలకముందే తవిటయ్య ఒక్క దూకు దూకి, మూతి బస్తాలకి నొక్కిపెట్టి, మ్యాగజైను ఊడపీకి, చాంబరు ఖాళీ చేశాడు. మనిషికి దెబ్బ తగల్లేదు. బోర్డుకి మాత్రం సరిగ్గా నడిమధ్య చుక్క పడింది, బొటనవేలు పట్టేంత.

 కమాండెంటు గారు జేబులోంచి మడిచిన ఫారం తీశారు. ఎన్నాళ్ళనుంచి జేబులో పెట్టుకు తిరుగుతున్నారో మరి! దాన్ని విప్పి, కళ్ళజోడు సర్దుకుని, ఎంతో మర్యాదగా అడిగారు.

"నాలుగో కాలమ్ సార్. ఎవరిపై ప్రయత్నించితిరి?"

"నేను... నేను ముట్టుకోనేలేదు! నా వేలు ట్రిగ్గరు మీద లేదు, మీరంతా చూశారు!"

"చూశాం సార్. కానీ సర్క్యులరు ప్రకారం చుక్క ఉద్దేశం నుంచి పుడుతుంది. ఇక్కడ చుక్కతో ఆగలేదు, సఫలమైంది కూడా."

"ఉద్దేశం లేదండీ! పిన్ను! ఆ పిన్ను దానంతటది వెళ్ళి కొట్టింది!"

అబ్బ, ఆ మాట వినడానికి నేను రెండు నెలలు కాచుకున్నాను. కింద పడుకున్న గుమాస్తాని లేపాను. "రాసుకో నాయనా, సారు చెబుతున్నారు."

ఆయన చెప్పారు, గుమాస్తా రాశాడు. "తూటాపై గుర్తు పడుటకు పిన్ను స్వభావమే కారణము గాని, లోడు చేసిన అధికారి కారణము కాదు."

"అధికారి అని రాస్తే ఎలా అండీ?" అన్నాను. "తమరు లోడు చేసేటప్పుడు అధికారో కాదో పిన్నుకేం తెలుస్తుంది? రేపు పైవాళ్ళు అడిగితే ఇబ్బంది. 'ఏ వ్యక్తియైనను' అని రాయించండి, మీకే రక్షణ."

ఆయన నావైపు చూశారు. బోర్డుకి పడ్డ కన్నం వైపు చూశారు. తవిటయ్య వైపు మాత్రం చూడలేకపోయారు. "ఏ వ్యక్తియైనను" అని మార్పించి సంతకం పెట్టారు. సంతకం నాలుగు వంకరలు పోయింది. కమాండెంటు గారు అదే కాయితం కింద, అదే పెన్నుతో, తవిటయ్య మీద చార్జి కొట్టేశారు. తవిటయ్య బెల్టు పెట్టుకున్నాడు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, మందుగుండు పొగ అని సర్దుకున్నాను.

కార్తీకంలో వాడికి ప్రమోషన్ వచ్చింది. అప్పలనరసమ్మ పట్టీలు తనే కుట్టింది, ముందే చూసి పెట్టుకున్న దారంతో. బోల్టుల సీళ్ళు తీసేశారు. నేను నాలుగు రోజులు కూర్చుని ప్రతి పిన్నూ బయటికి తీసి తుడిచాను. పదకొండు ఇరుక్కుని ఉన్నాయి. పదకొండు! ఆ లెక్క ఎవరూ అడగలేదు, నేనే మీకు చెబుతున్నాను.

ఇంతటితో అయిపోయిందనుకున్నారా? ప్రభుత్వం మనం అనుకున్నంత తెలివితక్కువది కాదు, ఇంకా ఎక్కువే. ప్రద్యుమ్న గారి వాంగ్మూలం హెడ్డాఫీసుకి వెళ్ళింది. వాళ్ళు శ్రద్ధగా చదివారు. తప్పు లోడు చేసినవాడిది కాదు, పిన్నుది అని తేలింది గదా! మొన్న నాకు ఒక కవరొచ్చింది. "నలభై రెండో నంబరు రైఫిలు నందలి ఫైరింగ్ పిన్నునకు, ఆర్మరర్ ద్వారా" అని చిరునామా. లోపల చార్జి మెమో, దానికి జతగా అదే పాత ఫారం. అధికారి చేతిలో ఉండగా అనుమతి లేకుండా ముందుకు వెళ్ళినందుకు ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలి. సదరు పిన్నుకు చదువు రానిచో సంరక్షకుడు రాయవచ్చు గాని, పిన్ను వేలిముద్ర తప్పనిసరి.

ఏడో కాలమ్‌లో "శుభ్రంగా చూసుకుంటే ఎప్పుడూ విరమించుకుంటాను" అని పిన్ను తరఫున రాశాను. వేలిముద్రకి మాత్రం పెద్దగా ఆలోచించలేదు. తుడిచిన రైఫిల్లో ఒక కొత్త తూటా లోడు చేసి, వదిలి, ఖాళీ చేశాను. అడుగున చక్కటి చుక్క. దాన్ని డబ్బాలో పెట్టి, సీలు వేసి, హెడ్ కానిస్టేబుల్ తవిటయ్య చేతికిచ్చి పంపించాను.

సాయంత్రానికి రసీదు పట్టుకొచ్చాడు. "వేలిముద్ర ముట్టినది. సరిపోల్చి చూడగా సదరు పిన్నుదేనని నిర్ధారణ అయినది."